సిల్వర్ బాడీనా, బ్లాక్ బాడీనా? వీధిలో జనం కంట్లో ఏది ముందు పడుద్ది?

#1 గ్రెయిన్‌పిచ్చి

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, ఏమైనా తప్పుంటే ఏమనుకోకండి. విషయం ఏంటంటే ఫిక్స్‌డ్ లెన్స్ చిన్న కెమెరా ఒకటి తీసుకుందామని డబ్బులు పోగేస్తున్నా, మోడల్ ఫిక్స్ అయిపోయింది, ఇప్పుడు రంగు దగ్గర ఆగిపోయా. అదే సెన్సర్, అదే లెన్స్, సిల్వర్‌లోనూ ఉంది బ్లాక్‌లోనూ ఉంది. సిల్వర్ చూస్తే ప్రాణం లాగేస్తోంది, అబద్ధం ఎందుకు. కానీ నేను తీసేదంతా వీధుల్లో, బస్సుల్లో, జనం వాళ్ల పనిలో వాళ్లుండగా. వాళ్లు నన్ను చూసి సర్దుకున్నారంటే ఆ ఫొటో పోయినట్టే. తెలిసినాయన ఒకాయన "సిల్వర్ కొంటే మెళ్లో అద్దం కట్టుకుని తిరిగినట్టే, వీధి చివర్నుంచే తెలిసిపోద్ది" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే పీకులాట. నిజంగా రంగు వల్ల అంత తేడా ఉంటదా? రెండూ వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

#2 షట్టర్‌పురుగు

బ్లాక్. నెక్స్ట్.

#3 35ఎంఎం

పురుగు బ్రో రెండు ముక్కల్లో తేల్చేశాడు గానీ కొంచెం వెనక కథ చెప్తా. హెన్రీ కార్టియర్ బ్రెసన్ అని పేరున్న ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్, తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలన్నిటికీ నల్ల టేప్ అంటించేసేవాడు, ఫ్లాష్ జోలికే పోయేవాడు కాదు. అమెరికా ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో ఎదురు సీట్లో కూర్చున్నోళ్లని తీశాడు కదా, అందుకోసం కాంటాక్స్ కెమెరాకి క్రోమ్ కనపడకుండా నల్లరంగు కొట్టి, దాన్ని ఛాతీకి కట్టుకుని, కోటు గుండీల సందులోంచి లెన్స్ మాత్రం తొంగిచూసేలా పెట్టి, కోటు చేతిలోంచి కేబుల్ రిలీజ్ (షట్టర్ నొక్కే వైరు) లాక్కుని నొక్కేవాడు. అంత పెద్దోళ్లు మెరుపు పనికిరాదు అనుకున్నారంటే ఊరికే అనుకుని ఉండరుగా. నా ఓటు కూడా బ్లాక్‌కే.

#4 డార్క్‌రూమ్_తాత

35ఎంఎం బాబూ, నువ్వు చెప్పిన కథే నీకు అడ్డం తిరుగుతోంది చూసుకో. ఎవాన్స్ నల్లరంగు కొట్టి ఊరుకోలేదు, కొట్టాక కూడా తీసుకెళ్లి కోటులో దాచాడు. నలుపు ఒక్కటే సరిపోయేదైతే ఆ కోటెందుకు, ఆ వైరెందుకు? అంతకుముందు ఎరిక్ సాలమన్ అని ఒకాయన ఉండేవాడు, 1928లో జర్మనీలో ఒక కోర్టులో ఎర్మనాక్స్ కెమెరాని టోపీలో దాచుకుని విచారణ ఫొటోలు తీశాడు. న్యూయార్క్ వీధులు తీసిన హెలెన్ లెవిట్ తన లైకాకి పక్కకి చూసే వ్యూఫైండర్ తగిలించుకుంది, అంటే ఆవిడ మొహం ఒకవైపు, లెన్స్ ఇంకోవైపు. వీళ్లందరి తిప్పలూ ఒకే తిప్పలు: తాము ఎవర్ని చూస్తున్నారో ఆ మనిషికి తెలియకూడదు. బ్రెసన్ టేప్ వేసిన మాట నిజమే గానీ ఆయన తీసేటప్పటి పాత ఫిల్మ్ ముక్కలు చూస్తే తెలుస్తుంది, మునివేళ్ల మీద అలా తేలిపోతూ వచ్చి కెమెరా ఒక్క క్షణం మొహానికి తగిలించి మళ్లీ దించేస్తాడు. ఆ కాళ్లు లేకుండా ఉత్త టేప్ నాకూ నీకూ ఉన్నా ఏం లాభం.

ఇంకోటి, ఈ సిల్వర్ అంటే పాతకాలం, బ్లాక్ అంటే కొత్తకాలం అనుకుంటారు, అదీ కాదు. 1925లో వచ్చిన మొదటి లైకా నల్ల ఎనామెల్ రంగే, నికెల్ మీటలు. క్రోమ్ 1930ల్లో వచ్చింది, అదే అప్పట్లో కొత్త ఫ్యాషన్. 1954లో లైకా ఎం3 మోడల్ వచ్చేసరికి దాదాపు అన్నీ క్రోమే, నల్లవి కొద్దిగానే చేశారు, ఎక్కువగా ప్రెస్సోళ్ల కోసం. అందుకే "నలుపు అంటే ప్రొఫెషనల్" అనే పేరు పడిపోయింది. ఆ పేరే ఇప్పటికీ నడుస్తోంది, సగం మంది బ్లాక్ కొనేది దాక్కోడానికి కాదు, అలా కనపడటానికే.

#5 షట్టర్‌పురుగు

తాత గారూ బౌలింగ్ బాగుంది 😄 అయితే ఇప్పుడు నన్ను ఎండలో కోటేసుకుని టోపీ పెట్టుకుని తిరగమంటారా. అప్పుడు కెమెరా ఏ రంగైనా జనం నన్నే చూస్తారు.

#6 స్టేజీవెనక

నేను నాటకాలు, డాన్స్ ప్రోగ్రాములు తీస్తుంటా, నాకు మాత్రం బ్లాక్ తప్ప వేరే దారి లేదు, ఎందుకో చెప్తా. హాలంతా చీకటి, లైటు స్టేజీ మీదే. ఆ లైటు తిరిగొచ్చి మొదటి వరసల మీద పడుద్ది. అప్పుడు సిల్వర్ కెమెరా పై రేకు ఒక్కసారి తళుక్కుమంటది. ఒకసారి అరువు కెమెరాతో వెళ్లాను, ప్రోగ్రాం అయ్యాక డాన్సర్ వచ్చి "రెండో వరసలో ఏదో మాటిమాటికీ మెరుస్తా ఉంది, ఏంటది" అని అడిగింది. సిగ్గేసింది. ఆ రోజు నుంచి కెమెరా నలుపు, చొక్కా నలుపు, వాచీ కూడా తీసేసి జేబులో వేసుకుంటా.

కానీ ఒకటి ఒప్పుకోవాలి, బాడీ రంగు కంటే ఎక్కువ పరువు తీసేవి వేరే ఉన్నాయి. వెనక స్క్రీన్ ఆన్‌లో ఉంచి, ఫోకస్‌కి సాయం చేసే ఆరెంజ్ లైటు ఆపకుండా, బీప్ తీసేయకుండా నల్ల కెమెరాతో వచ్చి కూర్చుంటారు కొందరు. లాంతరు పట్టుకుని దొంగతనానికి వచ్చినట్టు ఉంటది. కొత్త కెమెరా పెట్టె విప్పగానే చెయ్యాల్సిన మొదటి పని ఆ మూడూ ఆపేయడం, ఆ తర్వాత రంగు గురించి మాట్లాడుకోవచ్చు.

ఇంకో చోట రంగు ముమ్మాటికీ పట్టించుకోవాలి, అద్దం వెనకనుంచి తీసేటప్పుడు. బస్సు కిటికీ, షాపు షోకేసు, అక్వేరియం ఇలాంటివి. సిల్వర్ అయితే లెన్స్ చుట్టూ ఉన్న రింగు అద్దంలో తెల్లగా కూర్చుంటది, ఫొటో ఎడిట్ చేసేటప్పుడు ఏడుపొస్తది. జనానికి కనపడటం సంగతి తర్వాత, ముందు ఆ కెమెరా దానికదే కనపడిపోతుంది.

#7 మసకవెలుతురు

అద్దం పాయింట్ నేనెప్పుడూ ఆలోచించలేదు అన్నా, థాంక్స్.

నా వైపు నుంచి ఒక మాట. నేను ఆడపిల్లని, ఒక్కదాన్నే కెమెరా పట్టుకుని వెళ్తే ఎలాగూ చూస్తారు, "కనపడకుండా ఉండటం" అనే ఆప్షనే నాకు లేదు. అందుకే నా ప్రశ్న వేరే, చూశాక వాళ్లు నన్ను ఏమనుకుంటున్నారు అని. రెండూ వాడాను కాబట్టి చెప్తున్నా, ఇక్కడ మాత్రం రంగు తేడా చూపిస్తది. నల్లటి పెద్ద ఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) పట్టుకుంటే "ఏ పేపరు మీది", "ఏ చానల్", "ఎందుకు తీస్తున్నారు, ఎక్కడ వేస్తారు". సిల్వర్‌ది చిన్నది పట్టుకుంటే పెద్దవాళ్లు దగ్గరికొచ్చి "ఇది రీలు కెమెరానా, ఇంకా రీలు దొరుకుతోందా, మా నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేది" అని మొదలుపెడతారు. ఆ మాటల్లో పడి తర్వాత నన్ను మర్చిపోతారు, అప్పుడు నాకు కావాల్సిన ఫొటోలు వస్తాయి. ఒక పెద్ద బిల్డింగ్ దగ్గర సెక్యూరిటీ ఆయన బ్లాక్ కెమెరాతో ఉన్న మా ఫ్రెండ్‌ని ఆపేశాడు, పక్కనే సిల్వర్‌తో ఉన్న నన్ను ఆపలేదు. బొమ్మ కెమెరా అనుకున్నాడో ఏమో.

సో గ్రెయిన్‌పిచ్చి గారూ, మీ కెమెరా కనపడుద్దా లేదా అని కాకుండా, కనపడితే మీరు ప్రెస్సు మనిషిలా కనపడాలా, పాతవస్తువుల పిచ్చోడిలా కనపడాలా అని ఆలోచించుకోండి.

#8 నడిచేటోడు

నాకైతే రంగుతోని ఏం ఫరక్ పడలే. రెండేండ్లు బ్లాక్ పట్కొని తిరిగిన, గిప్పుడు సిల్వర్ పట్కొని తిరుగుతున్న, ఫొటోలు గవే, తిట్లు గవే 😀 జనం సూశేది కెమెరా లేపుడు. చెయ్యి నడుం కాడికెల్లి మొఖం దాంక పోతది సూడు, గా ఊపుడే మనల్ని పట్టిస్తది. గందుకే నేను లేపుడు ఎప్పుడో ముందే చేస్త. మంచి వెలుగు పడ్డ జాగ సూసుకొని నిలబడి, కెమెరా కంటికి పెట్టుకొని గోడనో చెట్టునో తీస్తున్నట్టు ఉంటా, జనం వాళ్లంతట వాళ్లే ఫ్రేములకు నడుసుకుంట వస్తరు. కొట్టినంక కూడ కెమెరా జల్ది దించొద్దు, దించి వాళ్ల దిక్కు సూశినవంటే అయిపాయె. వాళ్ల ఎనకాల ఏదో తీస్తున్నట్టు ఇంకో రెండు సెకన్లు గట్లనే పట్టుకోవాలె.

ఫోకస్ కూడ ముందే పెట్టుకో. ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సర్) మీద 28 ఎంఎం లెన్స్ ఉంటే అపర్చర్ ఎఫ్ 8ల పెట్టి రెండున్నర మీటర్లకు ఫోకస్ తిప్పి ఇడిశిపెట్టు, జరంత అటీటు ఒకటిన్నర మీటరు కాడికెల్లి పది మీటర్ల దాంక అంతా సాఫ్‌గనే వస్తది. ఎంత జల్ది అయితే అంత తక్వ కనపడ్తవు. రంగు గురించి గింత పరేషాన్ ఎందుకు తమ్మీ, నచ్చింది కొనుక్కో.

#9 రెటీనా_గోల

ఈ విషయం మీద నాకు కొంచెం చదువు ఉంది కాబట్టి (కంటి డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా) కాస్త పొడుగ్గా రాస్తా, విసుగొస్తే స్క్రోల్ చేసేయండి.

మన కన్ను స్పష్టంగా చూసేది చాలా చిన్న మేర, చెయ్యి చాపి బొటనవేలి గోరు చూసుకోండి, సుమారు అంతే. మిగతాదంతా మసకే. ఆ మసక భాగానికి రంగు సరిగ్గా తెలియదు, సన్నటి వివరం అసలే తెలియదు, కానీ కదలిక, మినుకుమినుకు మాత్రం వెంటనే పట్టేస్తుంది. ఇప్పుడు మనల్ని పట్టించుకోకుండా నడిచివెళ్లే మనిషి కంటికొసలో మనం ఉన్నాం అనుకోండి. ఆ కంటికొసకి మన కెమెరా నలుపా తెలుపా అన్నది దాదాపు అనవసరం. రెండే రెండు విషయాలు దానికి తెలుస్తాయి. ఒకటి నడిచేటోడు అన్న చెప్పిన చెయ్యి లేపడం. రెండోది మెరుపు, అంటే సూర్యుడు సూటిగా లోహం మీద పడి ఆ కోణం సరిగ్గా వాళ్ల కంటివైపు తిరిగినప్పుడు వచ్చే తళుకు. అది కూడా కెమెరా కదిలినప్పుడే, కదలకపోతే అదొక చుక్కంతే. మబ్బులో, నీడలో, సాయంత్రం వీధిలైట్ల కింద ఆ తళుకు ఉండదు, ఉన్నా చుట్టూ అంతకంటే మెరిసేవి బోలెడు ఉంటాయి, బండ్ల అద్దాలు, వాచీలు, చేతిలో ఫోన్లు.

మూడోది చూపు. మనుషుల కంట్లో తెల్లగుడ్డు బాగా కనపడటం వల్ల ఎదుటివాళ్లు ఎటు చూస్తున్నారో మనం చాలా తొందరగా పసిగడతాం. ఎవరైనా మనవైపే మొహం తిప్పి బిగుసుకుపోయి నిలబడితే వాళ్ల చేతిలో కెమెరా లేకపోయినా వెంటనే తలెత్తి చూస్తాం. తాత గారు చెప్పిన లెవిట్ వ్యూఫైండర్ పని చేసేది ఇందుకే.

మరి చాలాసార్లు ఎవరూ ఎందుకు గమనించరు అంటే, వాళ్ల బుర్ర వేరే పనిలో ఉంటుంది. 1999లో సైమన్స్, షాబ్రీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని వీడియో చూపిస్తే, మధ్యలో గొరిల్లా వేషం వేసుకుని వచ్చి గుండెలు బాదుకుని వెళ్లిన మనిషిని సుమారు సగం మంది చూడనేలేదు. గొరిల్లాయే కనపడనప్పుడు మీ సిల్వర్ కెమెరా ఎంత.

#10 షట్టర్‌పురుగు

అంటే సొల్యూషన్ గొరిల్లా వేషం. నోట్ చేసుకున్నా.

#11 కొంగలవెనకాల

పక్షుల వైపు నుంచి నాదీ ఒక ముక్క. నేను తీసేది చెరువుల దగ్గర. మా గుంపులో లెన్స్‌లకి ఆకుల డిజైన్ గుడ్డలు తొడుక్కునేవాళ్లు ఉన్నారు, తెల్ల లెన్స్ అలాగే పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసినంతలో పక్షి లేచిపోయేది నిలబడ్డ మనిషి ఆకారం కదిలితేనే. కూర్చుని పాక్కుంటూ వెళ్తే తెల్ల లెన్స్‌తో కూడా దగ్గరికి పోవచ్చు, నిలబడి చేతులూపుకుంటూ వెళ్తే ఏ గుడ్డ తొడిగినా లేచిపోద్ది.

ఆ తెల్ల లెన్స్ సంగతి వచ్చింది కాబట్టి, అది షోకి అనుకుంటారు గానీ వేడి కోసం. కానన్ దూరం నుంచి తీసే పెద్ద టెలీ లెన్సుల్లో ఫ్లోరైట్ అనే స్ఫటికం వాడుతుంది, అది వేడికి మామూలు గాజు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకే ఎండని తిప్పికొట్టే లేత రంగు వేశారు. చిన్న కెమెరాకి ఈ లెక్క అంత ఉండదు గానీ మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నల్ల బాడీ మెళ్లో వేసుకుని తిరిగి తర్వాత దాని మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. సిల్వర్ కొంచెం నయం.

#12 రెండోరోల్

ఇక్కడ నాకు ఇంకో డౌటు. జనానికి తెలీకుండా తీయడం గురించే ఇంత చర్చ ఎందుకు? అడిగి తీస్తే ఏం పోయింది? దొంగచాటుగా తీయడం నాకు నచ్చదు.

#13 35ఎంఎం

అడిగి తీస్తే పోర్ట్రెయిట్ వస్తది, అది వేరే రకం ఫొటో. అడగ్గానే అందరూ జుట్టు సర్దుకుని నిటారుగా నిలబడతారు.

#14 రెండోరోల్

సర్దుకోవడం వాళ్ల ఇష్టం కదా మరి. బ్రూస్ గిల్డెన్‌లా మొహం మీదకి ఫ్లాష్ కొట్టేవాళ్లనైనా ఒప్పుకుంటా, కనీసం ఆయన ఎవరికీ కనపడకుండా దాక్కోలేదు.

#15 మసకవెలుతురు

ఇది వేరే టాపిక్, దీని మీద మళ్లీ ఇంకో థ్రెడ్ మొదలుపెట్టుకుందాం, లేకపోతే పాపం ఆయన కెమెరా కొనేలోపు కొత్త మోడల్ వస్తుంది. నా పద్ధతి చెప్పేసి ఆపేస్తా, తీసేటప్పుడు అడగను, తీశాక వాళ్లు చూస్తే నవ్వి చూపిస్తా, వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేస్తా. దాక్కుని తీస్తే ఆ చూపించడం కుదరదు, అందుకే దాక్కోను కూడా.

#16 గ్రెయిన్‌పిచ్చి

బాబోయ్ ఇన్ని జవాబులా, అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇవన్నీ చదివాక ఊరికే కూర్చోలేక నిన్న ఒక పని చేశాం. ఫ్రెండ్ దగ్గర బ్లాక్ మిర్రర్‌లెస్ ఉంది, నా దగ్గర పాత సిల్వర్ ఫిల్మ్ కెమెరా ఉంది, పాడైంది గానీ సైజు దాదాపు అంతే. వాణ్ని పది అడుగులు, ఇరవై, నలభై అడుగుల దూరంలో నిలబెట్టి, ఒక్కోసారి ఒక్కో కెమెరా ఎత్తమని, నేను ఫోన్లో తీశా. ముందు నీడలో, తర్వాత ఎండలో. తర్వాత ఫొటోలన్నీ చిన్నవి చేసి, కళ్లు సగం మూసుకుని చూశాం, అలా చూస్తే వివరం పోయి ఉత్త మచ్చలు మిగులుతాయి కదా.

మేం అనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకోటి. నీడలో నలభై అడుగుల దగ్గర రెండిట్లో ఏది ఏదో నాకే తెలియలేదు. ఎండలో సిల్వర్ రెండు ఫొటోల్లో తళుక్కుమంది, మిగతావాటిలో లేదు. కానీ అసలు విషయం వాడు తెల్ల టీషర్టు వేసుకొచ్చాడు. కెమెరా పొట్ట దగ్గర ఉన్నప్పుడు తెల్ల టీషర్టు మీద బ్లాక్ కెమెరా తారు మచ్చలా కొట్టొచ్చినట్టు కనపడుతోంది, సిల్వర్ అయితే బట్టలో కలిసిపోయింది! మళ్లీ వాడే నల్ల జాకెట్ తొడుక్కుంటే రివర్స్. అంటే కెమెరా రంగు చూసుకోవాల్సింది బీరువాలో బట్టలతోనా?

ఇంకోటి, అన్ని ఫొటోల్లోనూ కెమెరా కంటే ముందు కనపడింది దాని బెల్టు. కంపెనీవాడు ఇచ్చిన బెల్టు, దాని మీద పెద్ద పెద్ద పసుపు అక్షరాలు. ఆ అక్షరాలు నలభై అడుగుల నుంచి చదవొచ్చు. నల్ల బాడీ కొని ఆ బెల్టు వేసుకుని తిరిగేవాళ్లం మనం.

#17 డార్క్‌రూమ్_తాత

శెభాష్. కూర్చుని వాదించుకోకుండా లేచి చూశావు, అది నచ్చింది నాకు. బెల్టు సంగతి బంగారం లాంటి మాట. ఇంకొకటి కూడా చూడు ఆ ఫొటోల్లో, లెన్స్ ముందు గాజు. బాడీ నల్లగా ఉన్నా ఆ గాజు ఆకాశాన్ని పట్టుకుని పచ్చగానో ఊదాగానో కన్నులాగా మెరుస్తుంది. పెద్ద లెన్స్ అయితే పెద్ద కన్ను. గుండ్రంగా నల్లగా ఒక కన్ను మనవైపు తిరిగి ఉంటే ఎవరికైనా గుచ్చుకుంటుంది. దాన్ని దాచే రంగు ఎవరూ కనిపెట్టలేదు, హుడ్ (లెన్స్ ముందు తొడుగు) పెట్టుకుంటే కాస్త తగ్గుతుంది, చిన్న లెన్స్ పెట్టుకుంటే ఇంకాస్త తగ్గుతుంది.

#18 రెటీనా_గోల

బట్టల విషయం కరెక్ట్. కంటికి తెలిసేది వస్తువు ఎంత తెల్లగా ఉంది ఎంత నల్లగా ఉంది అని కాదు, పక్కనున్నదానితో తేడా ఎంత అని. సిల్వర్ అనేది నిజానికి బూడిద రంగు, వీధిలో గోడలు, రోడ్డు, మామూలు బట్టలు చాలావరకు ఆ మధ్య రంగుల్లోనే ఉంటాయి. పగటిపూట వీధిలో చిక్కటి నలుపు అంత ఎక్కువ ఉండదు. కాబట్టి నలుపు ఎప్పుడూ దాక్కుంటుంది అనేది చీకటి హాలుకి నిజం, పట్టపగలు రోడ్డుకి అంత నిజం కాదు.

#19 35ఎంఎం

హ్మ్. నా ఓటు వెనక్కి తీసుకోవట్లేదు గానీ కొంచెం ఊగుతోంది.

సరే ఇంకో కోణం, అరుగుదల. బ్లాక్ పెయింట్ వేసిన ఇత్తడి బాడీలు వాడేకొద్దీ అంచుల దగ్గర రంగు పోయి లోపలి ఇత్తడి పసుపు బయటపడుద్ది, దాన్నే మనోళ్లు "బ్రాసింగ్" అని మురిసిపోతారు. అంటే దాక్కోడానికి కొన్న నల్ల కెమెరా పదేళ్లకి అంచులన్నీ బంగారంలా మెరుస్తా ఉంటది 😂 సిల్వర్ క్రోమ్ మీద గీతలు పెద్దగా కనపడవు. తాత గారూ మీ దగ్గర ఉన్నది ఏది?

#20 డార్క్‌రూమ్_తాత

నల్లది. ఇత్తడి తేలింది. మురిసిపోతూనే ఉంటాను, ఏం చెయ్యమంటావు.

#21 స్టేజీవెనక

ఈ చర్చలో ఎవరూ అనలేదు గానీ చప్పుడు మాటేంటి? అద్దం లేచి పడే ఎస్ఎల్ఆర్ ఠపేల్మంటే బస్సంతా తిరిగి చూస్తది, అది ఏ రంగైనా. ఆయన కొనేది లెన్స్‌లోనే షట్టర్ ఉండే రకం అనుకుంటా, అది చిటికెంత కూడా వినపడదు. ఆ ఒక్కదానితోనే మీ సమస్య చాలావరకు తీరిపోయింది. ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే అసలు చప్పుడే ఉండదు గానీ జాగ్రత్త, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో చారలు పడతాయి, పక్కనుంచి బస్సు స్పీడుగా వెళ్తే వంగిపోయినట్టు వస్తది.

#22 రెండోరోల్

అసలు నిజంగా కనపడకూడదు అంటే ఫోన్. అందరి చేతిలో ఉంది, ఎవడూ పట్టించుకోడు. ఏ రంగు కవరు వేసినా.

#23 నడిచేటోడు

ఫోన్‌తోని కూడ దొరుకుతరు అన్నా. చేతులు రెండు సాపి మొఖం ముంగట అడ్డం పట్కొని నిలబడితే దూరంకెల్లే సమజైతది ఇగో తీస్తుండు అని. నిలువుగా పట్కొని మెసేజ్ సదువుతున్నట్టు ఉంటే ఎవ్వలు సూడరు. మల్ల గదే ముచ్చట, పట్కునుడుల ఉన్నది అంతా.

#24 షట్టర్‌పురుగు

సరే నేను కూడా దిగొస్తున్నా. రెండో పోస్టులో "బ్లాక్, నెక్స్ట్" అన్నది నేనే. నిజం చెప్పాలంటే నేను సిల్వర్ ఎప్పుడూ వాడలేదు, అందరూ బ్లాక్ అంటారు కాబట్టి అన్నా. నాది లైకా, దాని ముందు కంపెనీ గుర్తుగా ఎర్ర చుక్క ఉంటది, ఆ చుక్క మీద నల్ల టేప్ వేసుకుని రెండేళ్లయింది, ఆ టేప్ చూసి ఒకాయన "ఏంటి బాబూ కెమెరా పగిలిందా" అని అడిగాడు. దాచాలని పెట్టిన టేపే ముందు కనపడింది.

#25 డార్క్‌రూమ్_తాత

ఆ ఎర్ర చుక్క గోల ఎంతదూరం పోయిందంటే కంపెనీయే చుక్క లేని మోడళ్లు వేరేగా తీసింది, 2011లో ఎం9-పి అలాంటిదే. అక్కర్లేని చుక్క తీసేసి దాన్ని మళ్లీ స్పెషల్ అని అమ్మడం చూస్తే నవ్వొస్తుంది నాకు.

#26 మసకవెలుతురు

గ్రెయిన్‌పిచ్చి గారు మాయమైపోయారు. కొన్నారా లేదా?

#27 గ్రెయిన్‌పిచ్చి

కొన్నా అక్కా, సిల్వర్. మొన్న చేతికొచ్చింది. బెల్టు మార్చేశా, పేరు లేని బూడిదరంగు గుడ్డ బెల్టు వేశా, స్టేజీవెనక అన్న చెప్పిన లైటు, బీప్, స్క్రీన్ మూడూ ఆఫ్. రెండు సాయంత్రాలు తిరిగా. నడిచేటోడు అన్న చెప్పినట్టు ముందే వెళ్లి నిలబడి కెమెరా ఎత్తి ఉంచా, మొదట్లో చేతులు వణికాయి గానీ తర్వాత అలవాటైంది. పెద్దవాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఒక్కాయన మాత్రం ఆగి అచ్చు మీరు చెప్పిన మాటే అడిగాడు, ఇది రీలుదా అని. అవునన్నా, అబద్ధం వచ్చేసింది నోట్లోంచి, ఆయన అంత ఆశగా అడిగాడు మరి.

కానీ పిల్లలు! పిల్లలు మాత్రం ప్రతిసారీ పట్టేశారు. మధ్యలో స్క్రీన్ మాత్రం మళ్లీ ఆన్ చేసి, కెమెరా నడుం దగ్గర పెట్టుకుని, స్క్రీన్ పైకి తిప్పి చూస్తూ తీస్తుంటే ఎవరికీ తెలియదు అనుకున్నా, తీరా చూస్తే కెమెరా సరిగ్గా వాళ్ల కళ్ల ఎత్తులో ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తున్న ఒక పాప ఆగిపోయి లెన్స్‌లోకి అలా చూస్తూ నాలుక బయటపెట్టింది. రెండు రోజుల్లో వచ్చిన మంచి ఫొటో అదొక్కటే.

#28 డార్క్‌రూమ్_తాత

ఏదీ, పెట్టు చూద్దాం.

#29 గ్రెయిన్‌పిచ్చి

పెడదామనుకున్నా తాత గారూ, కానీ వాళ్లమ్మని అడగలేదు. ఆ వీధిలోనే ఉంటారు అనుకుంటా, ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చి అడుగుతా, సరే అంటే ఇక్కడ పెడతా.

#30 రెండోరోల్

ఇది బాగుంది.